చారాన లెక్కకు బారాన షార్ట్‌కట్

భిన్నాల రాత లెక్కలు పిల్లలకు ఎందుకు రావడం లేదో మన దగ్గర కొందరు పెద్దలు ఎప్పుడో కనిపెట్టేశారు. పిల్లలు లెక్కను చదువుతున్నారట, అదే జబ్బు. చదివితే అర్థం చేసుకోబుద్ధవుతుంది. అర్థం చేసుకుంటూ కూర్చుంటే టైం పోతుంది. టైం పోతే సీటు పోతుంది. కాబట్టి లెక్కను చదవకూడదు, అందులో మాట వెతకాలి. ఏ మాట వెతకాలో గోడ మీది చార్టు చెబుతుంది. ‘మొత్తం’ ఉంటే కూడాలి. ‘మిగిలిన’ ఉంటే తీసెయ్యాలి. ‘లో’ ఉంటే గుణించాలి. ‘ఒక్కొక్కరికి’ ఉంటే భాగించాలి, అంటే రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించాలి. ఎందుకు తలకిందులు చేయాలని అడిగితే అడిగినవాణ్నే తలకిందులు చేస్తారు. కరీంనగర్ కోచింగ్ సెంటర్ల నుంచి ఆదిలాబాద్ గల్లీ ట్యూషన్ల దాకా ఈ నాలుగు సూత్రాలకున్నంత మంది భక్తులు వేములవాడ రాజన్నకు తప్ప ఇంకెవరికీ లేరు.

కోచింగ్ వాళ్లను మాత్రమే అంటే పాపం తగులుతుంది. చొప్పదండిలోనో కాగజ్‌నగర్‌లోనో నవోదయలో సీటు కావాలంటే అయిదో తరగతి పిల్ల ఒక పరీక్ష రాయాలి. రెండు గంటలు, 80 ప్రశ్నలు. అందులో లెక్కలు 20, వాటికి 30 నిమిషాలు. అంటే లెక్కకు నిమిషంన్నర. ఆ అరగంటలో పదేళ్ల పిల్ల రైతుకు భూమి పంచాలి, ట్యాంకు నింపాలి, దర్జీకి గుడ్డ కొలిచివ్వాలి, పైగా ప్రతిసారీ ఓఎంఆర్ షీటు మీద సున్నా గీత దాటకుండా దిద్దాలి. భూమి పంచడం ఒక్కటే మన ఆఫీసుల్లో ఎన్నేళ్లు పడుతుందో అందరికీ తెలుసు. అంత తొందరలో ఉన్న పిల్లకు చార్టు దేవుడిచ్చిన వరంలాగే కనిపిస్తుంది.

ఆ వరం మహిమ ఎంతటిదో ఒక లెక్క మీద చూద్దాం. ‘ఒక రైతుకు 2½ ఎకరాల భూమి ఉంది. అందులో 3/5 వంతు పత్తి వేశాడు. మిగిలిన దాంట్లో 1/4 వంతు కంది వేశాడు. ఇంకా ఎంత భూమి మిగిలింది?’ ఇచ్చోడ నుంచి హుజూరాబాద్ దాకా ఏ చేను గట్టు మీదైనా వినిపించే లెక్కే.

చార్టు చదివిన పిల్లాడు రంగంలోకి దిగుతాడు. ‘మిగిలిన’ కనిపించింది, ‘మిగిలింది’ కూడా కనిపించింది. ఆ తొందరలో ‘లో’ కంటపడనే లేదు. అంటే రెండు తీసివేతలు. 2½లోంచి 3/5 తీసేస్తే 1 9/10. అందులోంచి 1/4 తీసేస్తే 1 13/20. క.సా.గు. తప్పలేదు, లవం హారం తారుమారు కాలేదు, చేతిరాత ముత్యాలే. జవాబు: ఒకటీ పదమూడు బై ఇరవై ఎకరాలు. అంటే ఎకరం 26 గుంటలు.

ఇదే లెక్క, రెండో తరగతితో బడి మానేసిన వాళ్ల తాతను అడగండి. కాగితం కూడా అడగడు. ఎకరానికి 40 గుంటలు కనుక రెండున్నర ఎకరాలంటే వంద గుంటలు. అయిదు పాళ్లు చేస్తే పాలుకు 20. మూడు పాళ్లు పత్తికి పోతే 60 పోయినయ్, 40 ఉన్నయ్. దాంట్ల పావు కందికి, పది గుంటలు. ‘ముప్పై గుంటలు మిగిలె బిడ్డా, ముప్పావెకరం’ అంటాడు.

తాతకు మిగిలింది 30 గుంటలు, మనవడికి 66. చేను గట్టు కదలకుండానే 36 గుంటల భూమి పుట్టుకొచ్చింది. 2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పాసుబుక్కుల్లో గుంటలు తగ్గాయని రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అవి ఎటు పోయాయో ఇప్పుడు తెలిసింది, అయిదో తరగతి నోట్‌బుక్కుల్లో భద్రంగా ఉన్నాయి.

ఇంతకీ మనవడు ఎక్కడ జారాడు? లెక్క చెప్పింది రెండున్నర ఎకరాల్లో 3/5 వంతు, అంటే 60 గుంటలు. వాడు తీసేసింది ఒక ఎకరంలో 3/5, అంటే 24 గుంటలు. తేడా అంతా ఈ ఒక్క అడుగులోనే ఉంది. తమాషా ఏమిటంటే రెండో అడుగులోనూ వాడు ఎకరంలో పావే తీశాడు, అది మాత్రం సరిపోయింది. ఎందుకంటే నిజంగా మిగిలింది సరిగ్గా ఎకరమే. చార్టు భక్తులు రుజువుగా చూపించేది ఇలాంటి అదృష్టాన్నే.

పావు అంటే ఎంత అని అడిగితే జవాబు లేదు. దేంట్లో పావు అని అడిగితే ఉంది. భిన్నాల రాత లెక్కలకు ప్రాణం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. చార్టులో లేనిది కూడా సరిగ్గా అదే.

‘చాలా లెక్కల్లో పనిచేస్తుంది కదా’ అంటారు. పనిచేస్తుంది మరి! గైడులో లెక్కలన్నీ చార్టును చూసి రాసినవైతే పనిచేయక ఏమవుతుంది? గైడు గడప దాటి ఒక్క అడుగు వేసి చూడండి. ‘సంచిలో 3/4 కిలో చక్కెర ఉంది. అమ్మ ఇంకో 1/2 కిలో పోసింది. ఇప్పుడెంత ఉంది?’ ‘లో’ ఉంది కాబట్టి గుణిస్తే 3/8 కిలో. అమ్మ పోసేకొద్దీ చక్కెర తగ్గిపోతోంది. పిల్లాడికి అనుమానం రాదు, తగ్గకూడదని చార్టులో ఎక్కడా రాసిలేదు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే కెప్టెన్ వయసు తేల్చేశారు. మన చార్టు పిల్లాడు అంత తొందరపడడు. లెక్కలో ‘మొత్తం’ లేదు, ‘మిగిలిన’ లేదు, ఏ గుర్తు పెట్టాలి సార్ అని వినయంగా అడుగుతాడు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ ఏం సంబంధమని మాత్రం అడగడు.

ఉట్నూరు, జైనూరు వైపు వెళ్తే నవ్వు ఆగిపోతుంది. అక్కడి పిల్ల ఇంట్లో మాట్లాడేది గోండి, లేదంటే కొలామి. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ఈ భాషలన్నీ దాటుకుని ఆ పిల్ల లెక్క దగ్గరికి చేరేసరికి వర్క్‌షీటులో ఎనిమిది ముక్కలు చేసిన పిజ్జా ఎదురవుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి చూసి రమ్మని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన పూనికతో ఆ దశకంలోనే మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. వియన్నా నుంచి వచ్చిన మనిషికి అప్పుడే తట్టిన సంగతి మన వర్క్‌షీటు రాసేవాళ్లకు ఇంకా తట్టలేదు. వాక్యం అందని పిల్ల ఒక్క మాటను పట్టుకుని వేలాడక ఏం చేస్తుంది? చదవడం, నాలుగు ప్రక్రియలు చేయడం రెండూ ప్రతి బిడ్డకూ రావాలని 2022 ఆగస్టులో తొలిమెట్టు కార్యక్రమం పెట్టుకున్నాం. ఆ రెండూ కలిసే చోటే రాత లెక్క. సరిగ్గా ఆ చోటనే చార్టు తగిలించి, చదవొద్దు అంటున్నాం.

మనకు భిన్నాలు ఇంగ్లిష్ పేజీతో పాటు వచ్చినవి కావు. మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల, సోలలో పావు గిద్దె. అవ్వ దగ్గర ప్రతి వంతుకూ ఒక కొలపాత్ర ఉండేది, అది దేంట్లో వంతో అవ్వకు చేతికి తెలిసేది. రూపాయిలో చారాన, ఆఠాన, బారాన. చారాన కోడికి బారాన మసాలా అని ఇప్పటికీ ఎగతాళి చేస్తాం. రెండూ ఒకే రూపాయిలో వంతులు కనుకనే మసాలా ఖర్చు కోడికి మూడింతలైందని నవ్వగలుగుతున్నాం. చారాన బిళ్ల చెలామణి 2011 జూన్‌తో ఆగిపోయింది, సామెత ఆగలేదు. అంతకు ఎన్నో వందల ఏళ్ల కిందటే మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం అర్థం చేసుకుంటే తప్ప అందులోని లెక్క చేతికి దొరకదు. అలాంటి భాషలో పుట్టి, మూడు వాక్యాలు చదవడానికి బద్ధకించి నెలల తరబడి చార్టు బట్టీ పట్టిస్తున్నాం. చారాన లెక్కకు బారాన షార్ట్‌కట్!

పోనీ, పరీక్ష గట్టెక్కితే చాలు, బతుకులో ఈ లెక్కలతో పనేముంది అంటారా? ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌కు రండి. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే, పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత. 12 దాటితే కొనరు. 11 శాతం తేమ వచ్చిన రైతుకు కోత 11 శాతం కాదు, 3 శాతం. 2024-25 మద్దతు ధర 7,521 రూపాయల మీద అది క్వింటాలుకు 225 రూపాయల పైచిలుకు. తెలియని రైతుకు ఎవరైనా 11 శాతం లెక్కన చెబితే 827 రూపాయలు. తేడా చూసుకోండి.

అక్కడి నుంచి గోదావరిఖని, మందమర్రి వైపు రండి. 2023-24 సంవత్సరానికి సింగరేణి కార్మికులకు లాభాల్లో 33 శాతం వాటా అని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. 33 శాతమంటే దగ్గర దగ్గర మూడో వంతు. నికర లాభం 4,701 కోట్లు. చార్టు ప్రకారం ‘లో’ ఉంది కాబట్టి గుణిస్తే 1,551 కోట్లు రావాలి. వచ్చింది 796 కోట్లు. విస్తరణ పనులకని 2,289 కోట్లు ముందే పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం కట్టారు. మొత్తం లాభంతో పోల్చి చూస్తే అది ఆరో వంతు దరిదాపుల్లో ఉంటుంది. గుణకారం తప్పలేదు, శాతం తప్పలేదు. మారిందల్లా ‘దేంట్లో’ అన్నదే. కార్మిక సంఘాలు నిలదీసిందీ దాన్నే. మన రైతు లెక్కలో మనవడు తెలియక చేసిన పనిని ఎంత పెద్ద అంకెల మీద, ఎంత తెలిసి చేయవచ్చో ఇంతకంటే మంచి పాఠం ఏ గైడులోనూ దొరకదు.

కాబట్టి చార్టు చించెయ్యండి. దాని బదులు పిల్లలకు నోరు తెరిచి వాదించుకునే లెక్కలు ఇవ్వండి. ‘పాత కరీంనగర్ జిల్లాను 2016లో విడదీశారు. ఇప్పుడున్న కరీంనగర్ అందులో 1/4 వంతా?’ అని అడగండి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నాలుగు జిల్లాలు కనుక పావు అని ఒకడు లేస్తాడు. సిద్దిపేటలో కలిపిన మండలాల సంగతేమిటని ఇంకొకతె అడుగుతుంది. నాలుగూ సమానంగా ఉన్నాయా అని వెనక బెంచీ వాడు అడుగుతాడు. మ్యాపు తెచ్చి చూస్తే విస్తీర్ణంలో అయిదో వంతు కూడా లేదని తేలుతుంది. ఒక్క గుణకారం చేయకుండానే భిన్నం అంటే ఏమిటో క్లాసంతటికీ ఎక్కుతుంది.

పరీక్షలో కూడా ఒక మార్పు చాలు. రాత లెక్క కింద జవాబు గడి కంటే ముందు ఇంకో గడి పెట్టండి: ‘ఈ లెక్కలో ప్రతి భిన్నం దేంట్లో వంతు?’ సగం మార్కులు దానికే ఇవ్వండి. ఆ పేపరును పిల్లల కంటే ముందు చార్టు రాసినవాళ్లకు, గైడు అచ్చేసినవాళ్లకు, లాభాల వాటా ప్రకటనలు తయారుచేసేవాళ్లకు పెట్టి చూడండి. వాళ్లకు లెక్కకు నిమిషంన్నర అని నియమం వద్దు, అడిగినంత టైం ఇవ్వండి. లెక్కను చదవడం మానేసి చాలా ఏళ్లయినవాళ్లు, కూడబలుక్కుని చదవాలి పాపం.