గడి దొర

తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా ఊరి భూమీ, ఊరి తగువూ తన గుప్పిట్లో పెట్టుకున్న భూస్వామిని దొర అంటారు. సుల్తానాబాద్ చుట్టుపక్కల పల్లెల నుంచి జగిత్యాల, సిరిసిల్ల దాకా ఈ జాతి ఒకప్పుడు పుష్కలం.

ఆయన నివాసం గడి. ఎత్తయిన ప్రహరీ, పెద్ద దర్వాజ, లోపల కచ్చేరి. దొర తక్కువ మాట్లాడతాడు. ఒకసారి దగ్గితే చెంబుతో నీళ్లొస్తాయి, రెండుసార్లు దగ్గితే చుట్ట వస్తుంది, మూడోసారికి ఎదుట నిలబడ్డవాడు చేయని తప్పు ఒప్పుకుంటాడు. నిజంగా పడిశం పట్టిన రోజు ఊరంతా హడలిపోతుంది. ఆ రోజుల్లో గడిలో పనికి కూలి ఉండేది కాదు. ఆ పని పేరు వెట్టి.

1949లో జాగీర్లు రద్దయినా పట్టా భూములున్న దొరకు చీమ కుట్టినట్టయినా లేదు. ఓట్లొచ్చాక ఆయన ప్రజాస్వామ్యవాది అయ్యాడు. ఓటు ఎన్నడూ అడగలేదు, వేయమని కబురు పంపాడు. సర్పంచ్ ఎన్నిక ఏకగ్రీవం. 1959లో పంచాయతీ సమితులొస్తే అక్కడా కుర్చీ వేయించుకున్నాడు.

ఓటు అడగకుండా గెలిచే ఈ విద్యలో ఇంగ్లండు ప్రభువులు ఆయనకు అన్నలు. విలియం పిట్ 1735లో పార్లమెంటుకు వెళ్లింది తమ ఇంటి సొత్తయిన ఓల్డ్ సారమ్ స్థానం నుంచే. గుప్పెడు ఓట్లకు ఇద్దరు సభ్యులు. 1832 దాకా అదే తంతు. ఆ స్థానం కొన్న తాత థామస్ పిట్ మద్రాసు గవర్నరుగా ఉండి, మన కొల్లూరు వజ్రం కొని ఫ్రాన్సుకు అమ్మిన ఘనుడు. ఓల్డ్ సారమ్‌లో కాపురాలే లేవు. దొర ఊళ్లో కనీసం మనుషులుండేవారు.

1973లో భూముల సీలింగు చట్టం రాగానే కాగితాల మీద దొర భూమి నలుగురికీ పంచబడింది. జీతగాడు కూడా పట్టాదారయ్యాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలియదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రలో రైతుకూలీలు దొరల మీద కదిలారు. ఆ తర్వాత గడులు ఖాళీ అయ్యాయి. పిల్లల చదువుల పేరు చెప్పి దొర కరీంనగర్‌కో హైదరాబాద్‌కో మకాం మార్చాడు.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతులకు సర్కారు సాయం రైతుబంధు మొదలైంది: అప్పట్లో పంటకు ఎకరానికి 4 వేలు, విస్తీర్ణానికి హద్దు ఉండేది కాదు. రైతునని దొరకు అప్పుడు గుర్తొచ్చింది. చెక్కు కోసం ఊరికొస్తే వరుసలో ఉన్నవాళ్లు, "రా దొరా, నువ్వే ముంగట తీస్కో" అన్నారు. అది మర్యాదో ఎగతాళో తేల్చుకోలేకపోవడమే నేటి దొర ముఖ్య లక్షణం.