లెక్కకు రాని ఐదవ గుండు

ఏ బారెల్‌లో పెట్టినను గురి తప్పని స్లగ్గు, అనగా నిండు సీసపు గుండు, వచ్చినదట! నూరు గజముల దూరమున కాల్చిన ఐదు గుండ్ల రంధ్రములను ఒక్క రూపాయి బిళ్లతో కప్పివేయవచ్చునట! గాలి తుపాకి కొన్న ప్రతి యువకుని చేతిలోను ఇప్పుడా స్లగ్గుల డబ్బాయే. సన్నని నడుముతో, గుల్లయైన వెనుకభాగముతో ఇన్నాళ్లు మనకు సేవచేసిన పాత పెల్లెట్టు రాత్రికి రాత్రి మొరటు వస్తువైపోయినది. ఇది విప్లవమనుచున్నారు. 1780ల నాటికే ఆస్ట్రియా సైనికులు జిరార్డోని గాలి తుపాకిలో సీసపు గుండ్లు నింపుకొని యుద్ధమునకు పోయిరన్న సంగతి ఈ విప్లవకారులకు ఎవరును చెప్పినట్లు లేదు.

పాత పెల్లెట్టునకు ఒక సుగుణముండెను. దాని వెనుకభాగమును గాలియే పట్టియుంచి ముక్కును దారి తప్పనీయదు గనుక, బారెల్ ఒకింత వదులైనను, గాడుల మెలిక ఒకింత మందమైనను అది సర్దుకొనిపోవును. నిండు సీసపు ముద్దయైన స్లగ్గునకు అట్టి ఓర్పు లేదు. తన చుట్టు తాను తిరుగు వేగమే దానికి దిక్కు. గుండు పొడవు పెరిగినకొలది మెలిక బిగువు కావలెనని గ్రీన్‌హిల్ అను ఆంగ్ల గణితవేత్త 1879లోనే సూత్రము కట్టెను. 16 అంగుళములకు ఒక చుట్టు తిరుగు గాడులలోనుండి సెకనుకు 900 అడుగుల వేగముతో వెలువడు గుండు నిమిషమునకు 40,500 చుట్ల లెక్కన తిరుగును. అంతటి సుడిలో సీసము ఒక ప్రక్కకు రవంత ఎక్కువైనను ఆ దోషము కాగితము మీద కనబడక మానదు. ఐరోపా, అమెరికాలలో 5.5 మిల్లీమీటర్లదని పేరుపడిన ఒకే తరగతి బారెళ్లకు 0.217, 0.218, 0.219 అంగుళములని వేరువేరు కొలతల స్లగ్గులు అమ్ముట ఇందుచేతనే. ఇంత తెలిసిన లోకములో ‘ఏ బారెల్‌కైనను’ అని అచ్చువేయుటకు ఎంత సాహసము కావలెను!

పోనిండు, అది వ్యాపారము. నా ఒళ్లు మండించునది వారి ప్రకటనలోని ఛాయాచిత్రము. నాలుగు రంధ్రములు ఒకదానిలో నొకటి కలిసిపోయి యుండును. ప్రక్కన రూపాయి బిళ్ల. రెండంగుళముల అవతల, కలముతో సున్న చుట్టబడి, ఐదవ రంధ్రము. దాని పేరు ‘ఫ్లయర్’. అది లెక్కకు రాదట! చేయి కదలినదట, గాలి వీచినదట, ఆ ఒక్క గుండు చెడ్డదట, ఆ జాతి గుండ్లు మాత్రము మేలిమివట. నాలుగు దగ్గరపడిన పుణ్యము స్లగ్గుది. ఐదవది దూరమైన పాపము వాయుదేవునిది.

ఒక్కొక్కచోట ఆ సున్న చుట్టు కష్టము కూడ లేదు. చిత్రమునే ఆ మేరకు కత్తిరింతురు. మరికొందరు మహానుభావులు పది పర్యాయములు ఐదేసి కాల్చి, అందులో మిక్కిలి చిన్న గ్రూపును మాత్రము లోకమునకు దర్శనమిప్పింతురు. తక్కిన నలుబదియైదు గుండ్లు ఏమైనవని అడుగుట అమర్యాద. తిరునాళ్లలో బుడగలు కాల్పించువాని తుపాకి వంకరదని వానికిని తెలియును, మనకును తెలియును. అయినను వాడు తప్పిన దెబ్బకు డబ్బు పుచ్చుకొనునే గాని, తప్పినదానిని తగిలినదని బొంకడు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు వాడైన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యము గెలిచినాడు. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు. అర్హత కొరకు కాల్చవలసినవి 60. ఆ అరువదింటిలో ‘ఇది ఫ్లయరు, విడిచిపెట్టుడు’ అని వేడుకొను వసతి లేదు. ఆ స్థాయివారు రైఫిలును బిగించిపెట్టి, ఒక్కొక్క తయారీ విడత పెల్లెట్లను కాల్చిచూచి, తమ బారెల్‌కు నచ్చినవానిని ఏరుకొందురు. డబ్బా మీది మాటతో వారికి పనిలేదు.

ఇక పరిహాసము చాలును. లెక్కలోనుండి తీసివేసినంత మాత్రమున ఆ గుండు లోకములోనుండి పోలేదు. అది ఎక్కడనో తగిలినది. పెల్లెట్టు వేగము గాలిలో త్వరగా చచ్చును, స్లగ్గు వేగము అంత త్వరగా చావదు. అందులకే గదా దానిని కొనుచున్నారు! ప్రహరీకి ఆవల ఎవరున్నదియు చూడక మేడమీదినుండి కాల్చువాని ఐదవ గుండునకు ఎవరు పూచీ? 2016 నాటి ఆయుధ నియమములు 20 జౌల్స్, 4.5 మిల్లీమీటర్లు మించని గాలి తుపాకికి లైసెన్సు అడుగలేదు గనుక దానిని ఆటబొమ్మగా అమ్ముచున్నారు. ఆ హద్దులోని తుపాకి 10 గ్రెయిన్ల స్లగ్గును సెకనుకు 250 మీటర్ల లోపుననే పంపగలదు. అయినను మనుష్యుని కన్ను పోగొట్టుటకు అది చాలును, మిగులును. పెక్కు రెట్ల శక్తిగల అమెరికా తుపాకి సాధించిన నూరు గజముల గురిని చూపి, ఈ చిన్న తుపాకి వానికి డబ్బా అంటగట్టి, ప్రమాదము మాట ఎత్తనివాడు వర్తకుడు కాడు, వంచకుడు.

కొనువారికి నా మనవి యిది. మెత్తని సీసమును మీ బారెల్‌గుండ త్రోసి మైక్రోమీటరుతో కొలిపింపుడు. ఆ కొలతకు ఇటునటు ఉన్న స్లగ్గులను కొద్దికొద్దిగా తెప్పించి, వెనుక ఎత్తైన మట్టిగట్టు ఉన్నచోట, ఒక్కొక్క రకమును పదేసి కాల్చి, పదింటిని లెక్కింపుడు. అమ్మువానిని కూడ పది రంధ్రములును చూపుమనుడు. చూపనివాని డబ్బాను వాని చేతికే తిరిగి ఇచ్చివేయుడు.