పది గంటల కొలువునకు పంజరపు మందు

వారమునకు 70 గంటలు పనిచేయుడని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు సెలవిచ్చినప్పుడు గుండెలు బాదుకొన్న మనమే, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధ్యక్షులవారు ఆదివారమును కూడ కలుపుకొని 90 గంటలనగా, ఆ 70 గంటలును దయాధర్మములేనని సమాధానపడితిమి. ఆ యేడే జులైలో మన రాష్ట్ర ప్రభుత్వము వాణిజ్యసంస్థలకు రోజునకు 10 గంటలవరకు పని చేయించుకొను వెసులుబాటు నొసంగగా, వారము మొత్తముమీద 48 గంటలే గదా యని ఊరడిల్లితిమి. ఇన్ని విధముల నలిగిన యుద్యోగికి ఊరట కల్పించు భారమెవరిదని వితర్కించుచుండగా, దానిని తీసికొనిపోయి ఒక పిట్ట నెత్తిన పెట్టిన మేధావులు బయలుదేరినారు. కుక్కనైతే వీధి త్రిప్పవలెను, పిల్లికైతే పాలు పోయవలెను, పిట్టకైతే ఉదయమున గుప్పెడు కొర్రలును గిన్నెడు నీళ్లును చాలునట! తెల్లవారి పోయి రాత్రి వచ్చువారికి ఇంతకంటె అనువైన పెంపుడు ప్రాణి సృష్టిలో లేదట!

ఈ యుపదేశము జహీరాబాదునకును చేరినది. చీకటితో లేచి ముంబయి రహదారిమీద బస్సెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరమందున్న హైదరాబాదునకు పోయి, ఊరు మాటుమణిగిన పిదప తిరిగివచ్చు యువకులును, ఇచ్చటి కర్మాగారములలో షిఫ్టుల మూలమున పగలును రాత్రిని తారుమారు చేసికొన్నవారును, పాతబస్తీ ముర్గీ చౌక్ నుండి ఒక్కొక్క లవ్‌బర్డును తెచ్చి, కిటికీకి వ్రేలాడగట్టి, వాకిలికి తాళము వేసికొని పోవుచున్నారు. ఒంటరితనము పోవుటకై తెచ్చితిమని వీరు చెప్పుదురు. పోయినదెక్కడికి? ఇంటిలోనే పెట్టి తాళము వేసితిరి గదా!

మీరు లేని వేళ దానికి తోడెవరని యడుగగా, అద్దమున్నదని సమాధానము వచ్చును.

ఈ యద్దమును గూర్చి నేను కొంత చెప్పక తప్పదు. మనము లవ్‌బర్డని కొనుచున్న ఈ చిన్నపిట్ట, ఆస్ట్రేలియా దేశపు ఎండు మైదానములలో నీటిని వెదకికొనుచు వేలకొలది గుంపులుగా దేశాటనము చేయు జాతిది. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయెను. ఆ తరువాత తరతరములు పంజరములలోనే పుట్టినను గుంపును మరువలేదు. మ్రింగిన మేతను మరల నోటికి తెచ్చి తోటిపిట్ట నోటికందించుట దాని ప్రణయధర్మము. అద్దములో కనబడు పిట్టకును అది యట్లే మేత పెట్టును. అద్దము మ్రింగదు. మేత క్రిందికి జారును. తోడున్నదియే గాని తినదేమని మరల పెట్టును. ఇట్లు పగలెల్ల గడచిన పిదప, రాత్రి పదింటికి యజమాని విచ్చేసి, మలినమైన యద్దమును తుడిచి, దీనికెంత ప్రేమయో చూడుడని వీడియో తీసి చుట్టములకు పంపును.

అద్దము నిజముగా తోడగునేని ఈ శాస్త్రమును పిట్టలతో ఆపనేల? ఇంట భార్య ముఖమును ఎంతసేపు చూచుచు కూర్చుందురని యడిగిన ఆ 90 గంటల పెద్దమనిషి, తన కచేరీలో ఉద్యోగికొక నిలువుటద్దము నిప్పించినచో సంసారచింతయే తీరిపోవును. కలలో చేసిన బాకీని అద్దములోని ధనముతో తీర్చుమన్న తీర్పు కథ మన పిల్లలకును తెలిసినదే; జీతములు కూడ ఆ పద్ధతినే చెల్లింపవచ్చును.

అద్దము చాలదను అనుమానము తగిలి, గంట కట్టిన మరియొక యద్దమును కూడ తెచ్చిన సంపన్నులను నేనెరుగుదును. రోజెల్ల టీవీ చర్చలు వినిపించి పోవువారు వేరే కలరు. వారి పాపము వేరుగా లెక్కింపబడును. కెమెరా పెట్టించి కొలువునుండి ఫోనులో చూచుకొనువారిని జైలు అధికారులు చూచి నేర్చుకొనవలెను.

ఇది క్రూరత్వము. పగలెల్ల తోడులేక తన యీకలను తానే పెరికికొను పిట్టను చూచి, ఈకలు మార్చుకొనుచున్నదని చెప్పువాడు గ్రుడ్డివాడైన గావలెను, అబద్ధీకుడైన గావలెను. స్విట్జర్లాండులో 2008 నుండి ఇట్టి పిట్టను ఒంటిగా నుంచుట చట్టవిరుద్ధము. మనవాడు అలసి వచ్చి, టెఫ్లాన్ పూత పెనమును పొయ్యిమీద పెట్టి కునుకు తీసినచో, మాడిన పూత పొగకు అది నిమిషములలో చచ్చును; ఆ సంగతి అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడడుగడు. ఇల్లు చేరుటకు ఒక గంట ముందు వదలుమని పై అధికారినడుగుటకు నోరు రానివాడు, 30 గ్రాముల ప్రాణిమీద అధికారము చలాయించి తృప్తిపడుచున్నాడు. నాకు వానిమీద జాలి లేదు.

లవ్‌బర్డులతో తనివి తీరక రామచిలుకను పట్టి తెచ్చువారిని గూర్చి ఒక్కమాట. పస్తాపూరు ప్రాంతపు జొన్నచేలలో కంకులు దూసి, డబ్బు చెల్లింపకయే పోవు ఈ చిలుకలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షితములు. వీనిని పంజరమున నుంచుట నేరము, కారాగారవాసము కూడ దానికి శిక్ష. పూర్వజన్మమున 12 ఏండ్లు చిలుకను బంధించిన పాపమునకే రామదాసు గోలకొండ చెరలో 12 ఏండ్లు మ్రగ్గెనని జనశ్రుతి. ఆ కథ విని కన్నీరు తుడుచుకొన్న చేతితోనే మనవారు పంజరమునకు గడియ పెట్టుచున్నారు.

కావున జహీరాబాదు సోదరులారా, మీ యింట రామచిలుక యున్నయెడల అటవీశాఖవారికి అప్పగింపుడు. లవ్‌బర్డును మాత్రము పుణ్యము వచ్చునని కిటికీ తెరచి వదలకుడు. పంజరమున పుట్టినది మన కాకుల నడుమ పూట గడుపలేదు. అద్దమును తీసివేసి, దానికొక తోడుపిట్టను తెండు. ఇంకను కొననివారు, రోజునకు 10 గంటలు ఇంట లేనివారైనచో, కొనకుడు.