ఇంకో ఇరవై నిమిషాలే

వాన పడే అవకాశం 80 శాతం అని ఫోను చెబితే మామూలు మనిషి గొడుగు పట్టుకెళ్తాడు. మా రాడార్ బావగారు మిగిలిన 20 శాతాన్ని పట్టుకెళ్తారు.

ఈయన ఒక్క మా కొలంబస్‌కే దక్కిన సొత్తనుకోకండి. డల్లాస్‌లోనూ ఉంటారు, న్యూజెర్సీలోనూ ఉంటారు. తెలుగువాళ్ళు నలుగురు చేరి ఉగాది చేసుకునే ప్రతి ఊళ్ళోనూ ఒకరు ఉండి తీరతారు. ఏడుగురు పట్టే వ్యాను, చక్రాల కూలరు, మడత కుర్చీలు ఆయన ఆస్తి. "వీకెండ్ ఏమైనా ప్లానా?" అని వాట్సాప్ గ్రూపులో బుధవారమే వల వేస్తారు. ఏమీ లేదని నోరు జారామా, శనివారం తెల్లారకుండానే మన వాకిట్లో హారన్ మోగుతుంది. ఎవరికి బావగారని అడక్కండి. ఆయన భార్యని ఊరంతా అక్కయ్య అంటుంది కాబట్టి ఆయన ఊరందరికీ బావగారే.

ఈసారి ప్లాను పిట్స్‌బర్గ్. కొలంబస్ నుంచి సుమారు 185 మైళ్ళు. పొద్దున పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం, సాయంత్రం పీఎన్‌సీ పార్కులో పైరేట్స్ బేస్‌బాల్. 1970లలో ఆ గుడి కట్టినప్పటినుంచీ చుట్టుపక్కల రాష్ట్రాల తెలుగువాళ్ళు దాన్ని మన తిరుపతి అనే అనుకుంటారు గనక, దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే మ్యాచ్‌కి అక్కయ్య కాదనదని బావగారి ఎత్తు.

ఐ-70 ఎక్కామో లేదో రాడార్ తెరిచారు. వ్యాను నడిపేది నేను కాబట్టి ఫోను ఆయన చేతిలోనే ఉంది. ఆ మ్యాపు మీద ఆకుపచ్చ అంటే చినుకు, పసుపు అంటే వాన, ఎరుపు అంటే కుండపోత. ఇండియానా మీద ఎర్రగా ఒక పట్టీ లేచి ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో చిన్నది చేసి, "చూశావుటోయ్ బామ్మర్దీ, ఎంతుందో! గోరంత" అన్నారు.

ఆ ప్రాంతంలో మబ్బులు మామూలుగా పడమటి నుంచి తూర్పుకి నడుస్తాయి. మేమూ తూర్పుకే పోతున్నాం. అంటే వాన మా వెనకాలే, మా దారినే వస్తోందన్నమాట. ఇది మనకి భయం. బావగారికి ఇదే ధైర్యం. "మబ్బు గంటకి ముప్ఫై మైళ్ళు, మనం డెబ్బై. అది ఊళ్ళోకి వచ్చేసరికి మనం మ్యాచ్ చూసి తిరుగు దారిలో ఉంటాం."

లెక్కలో తప్పేమీ లేదు. దర్శనం క్యూ, అర్చన టికెట్టు, పులిహోర, మళ్ళీ పులిహోర, చెప్పులు దొరక్కపోవడం, ఇవి ఆ లెక్కలో లేవు, అంతే. మేం గుడి మెట్లు దిగేసరికి ఇండియానా పట్టీ ఒహాయో దాటేసింది. "నీ రెండో పులిహోర పొట్లం వల్లే ఇదంతా" అన్నారు బావగారు. "స్వామి సన్నిధిలో నిలబడి వాన వద్దంటారేమిటండీ, పాపం కాదూ? మన ఊళ్ళో వానల కోసం యజ్ఞాలు చేస్తారు" అంది అక్కయ్య, సంచిలోంచి గొడుగు తీస్తూ. ఆ గొడుగు కొలంబస్ నుంచీ ఆ సంచిలోనే ఉంది. చెప్పలేదు, అంతే.

గుడి నుంచి మ్యాచ్‌కి వెళ్ళే దారిలో స్క్విరల్ హిల్ సొరంగం ముందు ఏ కారణమూ లేకుండా కార్లన్నీ నెమ్మదిస్తాయి, అది ఆ ఊరి ఆచారం. లోపలికి వెళ్ళేటప్పుడు మబ్బు. బయటికొచ్చేసరికి వైపర్లు చాలట్లేదు. "సొరంగం ముందు ఆగకపోతే దాటేసేవాళ్ళం" అన్నారాయన.

మ్యాచ్ రోజున పార్కుకి దారితీసే రొబెర్టో క్లెమెంటే వంతెన మీద కార్లు ఆపేస్తారు, జనం నడిచి వెళ్తారు. తడుస్తూనే బావగారు క్లెమెంటే గురించి చెప్పారు: సరిగ్గా 3,000 హిట్లు కొట్టినవాడు, 1972 డిసెంబర్ 31న నికరాగువా భూకంప బాధితులకి సామాన్లు తీసుకెళ్తూ విమానం కూలి పోయినవాడు. అది చెబుతున్నంతసేపూ ఫోను జేబులోనే ఉంచారు. ఆయనకీ కొన్ని మర్యాదలున్నాయి.

లోపల సీట్లు నదివైపు చూస్తూ అద్భుతంగా ఉన్నాయి. పైకప్పు లేదు. మైదానం నడుమంతా టార్పాలిన్ పరిచి ఉంది. తెలివైనవాళ్ళు వెనక వరండాలోకి పోయి వేడి వేడి పిరోగీలు తింటున్నారు. బావగారు మాత్రం ప్లాస్టిక్ రెయిన్‌కోటు కొనుక్కుని, కవరు తియ్యకుండా హాల్లో నిలబెట్టిన కొత్త ఫ్రిజ్జులా తన సీటులో తాను కూర్చున్నారు. "ఇంకో ఇరవై నిమిషాలే" అన్నారు. రెండు వరసల కింద పైరేట్స్ టోపీ పెట్టుకున్న ఒక అమెరికన్ పెద్దాయన కూడా అలాగే తడుస్తూ ఫోను చూసుకుంటున్నాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆయన ఫోను ఈయనకి చూపించాడు, ఈయన ఫోను ఆయనకి చూపించారు. అదే రాడార్, అదే ఎరుపు. ఆయన కూడా ఇరవై నిమిషాలే అన్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

ఆ తర్వాత రెండు గంటలు మాకు బావగారి పాఠం. మొదటి బంతి పడేదాకా ఆట ఆపాలా వద్దా అన్నది సొంత జట్టు చేతిలో ఉంటుందట, పడ్డాక అంపైర్ల చేతిలోకి పోతుందట. క్రికెట్‌లోలాగా డక్‌వర్త్-లూయిస్ లెక్కలు ఇక్కడ లేవట. "క్రికెట్‌లో వాన మనకి చేసింది చాలదూ! 2019లో మాంచెస్టర్‌లో వానొచ్చి వరల్డ్ కప్ సెమీఫైనల్ రెండోరోజుకి జరక్కపోతే న్యూజిలాండ్ మనమీద 18 పరుగులతో గెలిచేదా?" టార్పాలిన్‌ని తక్కువ అంచనా వెయ్యొద్దట. 1985లో ఒకే సీజన్‌లో 110 బేసులు దొంగిలించిన విన్స్ కోల్‌మన్ అంతటివాడి కాలిని సెయింట్ లూయిస్‌లో మోటారుతో నడిచే టార్పాలిన్ పట్టుకుందట. ప్రత్యర్థులకి అంత తేలిగ్గా చిక్కనివాడు టార్పాలిన్‌కి చిక్కి వరల్డ్ సిరీస్‌కి దూరమయ్యాడట.

"పైకప్పున్న స్టేడియాలే లేవా ఈ దేశంలో?" అని అడిగింది అక్కయ్య గొడుగు కింద నుంచి.

"కప్పుంటే మాత్రం? 1976 జూన్ 15న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో కప్పు కిందే మ్యాచ్ ఆగింది. రోడ్లు మునిగి అంపైర్లే రాలేకపోయారు. ఆ రోజు ఆడాల్సింది ఎవరనుకున్నావ్? మన పైరేట్సే!"

ఆ 'మన'లో ఎంత గర్వమో. ఓడిపోయిన మ్యాచ్ కూడా కాదు, జరగని మ్యాచ్ మీద.

చివరికి బోర్డు మీద వాయిదా అని పడింది. ఒక్క బంతి పడలేదు. జనం లేచారు. కింద వరసలో పెద్దాయన టోపీ తీసి నీళ్ళు దులుపుకున్నాడు. సరిగ్గా మేం పార్కింగ్ చేరేసరికి వాన ఆగింది. బావగారు గడియారం చూసుకుని, "నేను చెప్పలా?" అన్నారు.

తిరుగు దారిలో మెయిలొచ్చింది. వాయిదా పడ్డ మ్యాచ్ ఒక మంగళవారం మరో మ్యాచ్‌తో కలిపి డబుల్‌హెడర్‌గా ఆడతారు, మా టికెట్లే చెల్లుతాయి. "ఒక టికెట్టు, రెండు మ్యాచ్‌లు! వానే లేకపోతే ఈ లాభం వచ్చేదా?" అంటూ గ్రూపులో పెట్టేశారు. బొటనవేలి బొమ్మలు చాలా వచ్చాయి. వస్తామని ఒక్కరూ రాయలేదు.

"కప్పులేని చోటికి నేను జన్మలో రాను" అని అక్కయ్య తేల్చి చెప్పింది.

వ్యానులో అందరం ఊపిరి పీల్చుకున్నాం. బావగారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "టొరంటోలో ఉందోయ్! 1989లో కట్టారు. కప్పు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఏడు గంటల డ్రైవు. దారిలో నయాగరా కూడా అయిపోతుంది" అన్నారు. "ఏమోయ్ బామ్మర్దీ, నీకు కెనడా వీసా ఉందా?"

లేదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా ఏమేం కాగితాలు కావాలో ఫోనులో వెతుకుతున్నారు.