కథకి ఎన్ని స్టేషన్లు?

డిసెంబరు ఆఖరి వారంలో మా వైపు జనం రెండు రకాలుగా విడిపోతారు. డైరీలు పంచేవాళ్ళు, డైరీలు ఏరుకునేవాళ్ళు. ఎరువుల షాపువాడు ఒకటిస్తాడు, బ్యాంకువాళ్ళు ఒకటిస్తారు, ఎల్‌ఐసీ ఏజెంటు ఇంటికొచ్చి కాఫీ తాగి మరీ ఇంకొకటిస్తాడు. ఇన్ని డైరీల మొదటి పేజీల్లో ఏం రాయాలో తోచక మనిషి పడే అవస్థలోంచే కొత్త సంవత్సరం తీర్మానాలు పుట్టేయని నా గట్టి నమ్మకం. పొద్దున్నే లేవడం, పంచదార మానడం లాంటివి పాతబడిపోయేయి. ఇప్పుడు నడుస్తున్నది ‘ఏడాదికి ఇన్ని పుస్తకాలు’.

మా బావ 52 అని ప్రకటించేడు. వారానికొకటి.

బావ ఉండేది శ్రీకాకుళంలో, ఉద్యోగం రెవెన్యూలో. ముప్పయ్యేళ్ళ సర్వీసు మూలాన లోకంలో ఏ వస్తువైనా ఆయనకి రెండు స్థితుల్లోనే కనిపిస్తుంది: పెండింగు, డిస్పోజలు. పుస్తకానికీ అదే వరస. “ఆ నవలేటి బావా, చదివేవా?” అని అడిగితే “నిన్న సాయంత్రమే డిస్పోజ్ చేసేను” అంటాడు. ఎక్సెల్ షీటు ఒకటి తయారుచేసేడు. పుస్తకం పేరు, పేజీలు, మొదలెట్టిన తేదీ, ముగించిన తేదీ, అభిప్రాయం. అభిప్రాయం గడిలో పైనుంచి కిందదాకా ‘బాగుంది’ అనే ఉంటుంది. ఒక్కచోట మాత్రం ‘పర్వాలేదు’ అని ఉంది. అది మా అప్ప వంటల పుస్తకం.

ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. 2011 నుంచీ గుడ్‌రీడ్స్ వాళ్ళు ఏటా ఇదే పందెం పెడుతున్నారు. అంకె వేసుకో, చదివినకొద్దీ టిక్కు పెట్టుకో, వెనకబడితే నువ్వు ఇన్ని పుస్తకాలు వెనకబడ్డావని అదే చెబుతుంది. లోకం నిండా లక్షలమంది పుస్తకం చేత్తో పట్టుకుని కళ్ళు అంకె మీద పెట్టి బతుకుతున్నారు. మా బావ తెలుగులో వెనకబడుతున్నాడు, అంతే తేడా.

వెనకబడడానికి కారణం సంక్రాంతి. జనవరి ఒకటిన చేసిన ఏ తీర్మానాన్నైనా రెండు వారాల్లో నిలదీసే పండగ అది. పిల్లలు దిగుతారు, అరిసెలు దిగుతాయి, పేకముక్కలు దిగుతాయి. ఇంట్లో అటక మొదలుకొని మంచం కింద దాకా దులుపుడు మొదలవుతుంది. ఈ దులుపుడులో మా ఆవిడ ఒక కట్ట నా ముందు పెట్టి అడిగింది.

“ఏటండీ, ఇవి చదివేసినవా, చదవాల్సినవా?”

“ఏం?”

“చదివేసినవైతే భోగిమంటకి. చదవాల్సినవైతే అటక మీదకి. ఎటూ చెప్పకుండా మంచం కిందే ఉంచితే నేను తుడవలేను.”

పుస్తకాలని ఇంత సూటిగా వర్గీకరించిన గ్రంథాలయ శాస్త్రం నేనైతే ఎక్కడా చూళ్ళేదు. అన్నీ చదవాల్సినవే అని చెప్పి అటకెక్కించేను. కొత్తవి కొనడానికి మళ్ళీ విజయవాడ పుస్తక మహోత్సవం ఉండనే ఉంది. అది కూడా జనవరిలోనే, ఎవరి అంకెకి దెబ్బ తగలకముందే పెడతారు. తెలివైనవాళ్ళు.

సంక్రాంతి వెళ్ళేసరికి బావకి పెండింగు పెరిగిపోయింది. అప్పుడు కనిపెట్టేడు ఉత్తరాంధ్ర సాహిత్యంలో ఉన్న సదుపాయం. మా వైపు గొప్పవన్నీ చిన్నవి. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, టీ చల్లారేలోగా అయిపోతుంది. బావ దాన్ని విడిగా అచ్చేసిన చిన్న పుస్తకం ఎక్కడో సంపాదించి, చదివి, షీటులో ఒక నంబరు వేసేసుకున్నాడు.

“అది కథ కదా బావా, పుస్తకవెలా అవుతుంది?”

“అట్ట ఉందా లేదా?”

“ఉంది.”

“అట్ట ఉంటే పుస్తకవే. ఫైలు ఒక కాయితం అయినా ఫైలే, వంద కాయితాలైనా ఫైలే.”

అక్కడితో ఆగితే బావ ఎందుకవుతాడు? ‘కన్యాశుల్కం’ దగ్గర ఇంకో మడత పేచీ తీసేడు. నాటకం మొదట 1892లో విజయనగరంలో ఆడేరు, 1897లో అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చింది. గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి చాలా పెంచేడు. రెండూ వేరువేరు అని పండితులే అంటున్నారు కాబట్టి రెండు నంబర్లు వెయ్యొచ్చు కదా అని బావ వాదన. తీర్పు కోసం నన్ను మా ఎదురింటి మాస్టారి దగ్గరకి లాక్కెళ్ళేడు.

మాస్టారు తెలుగు చెప్పి రిటైరైనవారు. విజయనగరంలో గురజాడ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటున్నామన్న గర్వం వారికీ ఉంది, నాకూ ఉంది. కాకపోతే వారు వెళుతుంటారు. పడక్కుర్చీలోంచి లేవకుండానే బావ కేసు అంతా విన్నారు.

“రెండో కూర్పు చదివేవా నాయనా?”

“రెండూ చూసేనండి.”

“చదివేవా అని.”

“రెండోది పెద్దదండి. మొదటిదాన్తో మొదలెడదామని…”

మాస్టారు నవ్వలేదు. మాస్టారు చదివేది ఏడాదికి ఒక్క పుస్తకవే, అది ప్రతి ఏడూ కన్యాశుల్కమే. అయినా ఆయన చదువుకి లక్ష్యం ఉంది, అది ఏటా మారుతుంది. ఒకేడు మధురవాణి కోసం చదివేరు. ఒకేడు రామప్పంతులు ఎక్కడెక్కడ అబద్ధం ఆడేడో పెన్సిలుతో గీతలు పెట్టేరు. గీతలు లేని పేజీ దొరకలేదని చెప్పేరు. ఈ ఏడు అసిరిగాడి మాటలు మాత్రవే విడిగా చదువుతారట. “అగ్నిహోత్రావధాన్లు అరుస్తుంటాడు, గిరీశం ఉపన్యాసాలిస్తుంటాడు. ఆ కొంపలో పనిచేసేది అసిరిగాడొక్కడే కదోయ్, వాడి వైపునుంచి ఆ ఇల్లు ఎలా ఉంటాదో చూడాలి” అన్నారు. ఇంతకాలం నేను అసిరిగాణ్ణి నవ్వుకోవడానికే వాడుకున్నాను. ఆయన మాట విన్నాక ఇంటికెళ్ళి ఆ పేజీలు తీస్తే నవ్వు కొంచెం తగ్గింది.

వెళ్ళేముందు మాస్టారు బావకి ఇంకో ముక్క చెప్పేరు. పుస్తకాల జాబితాకీ చదవడానికీ సంబంధం ఉండనక్కర్లేదని తెలుగువాళ్ళకి మొదట చెప్పినవాడు గిరీశవేనట. వెంకటేశం కొనుక్కోవాల్సిన పుస్తకాలని ఆయనగారు పెద్ద జాబితా కట్టించింది చదివించడానికా? తండ్రి దగ్గర డబ్బు రాబట్టడానికి. “నీ షీటు చూస్తే గిరీశానికి ముచ్చటేసును నాయనా” అన్నారు. బావ దాన్ని మెప్పుగా తీసుకున్నాడు.

ఈ గొడవలేవీ పట్టని మనిషి ఒకత్తుంది మా ఇంట్లో, మా మేనకోడలు. పొద్దున్న లైబ్రరీ తలుపు తియ్యకముందే గుమ్మం దగ్గర ఉంటుంది. సొంత కుర్చీ లేదు గానీ సొంత మూల ఉంది, టిఫిన్ డబ్బా ఉంది, వాటర్ బాటిల్ ఉంది. డీయస్సీ, గ్రూప్-2. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ గ్రంథాలయంలోకి తొంగిచూసినా ఈ పిల్లలే. న్యూస్‌పేపరు కోసం వచ్చిన పెద్దాయన చప్పుడవకుండా పేజీ తిప్పడం వీళ్ళ మూలానే నేర్చుకున్నాడు. వీళ్ళకి తీర్మానాలుండవు, సిలబస్ ఉంటుంది. కొత్త సంవత్సరం ఉండదు, నోటిఫికేషన్ ఉంటుంది. బావ గొప్పగా 52 సంగతి చెబితే “అయితే మావయ్యా, ఆంధ్రప్రదేశ్ చరిత్ర ఒక్కటి ఎన్నిసార్లు చదివితే ఎన్ని వేసుకుంటావు?” అని అడిగింది. బావ షీటులో అలాంటి కాలమ్ లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. అంచేత ఇల్లున్న ప్రతివాడూ పుస్తకం ముట్టుకోకుండానే ఏటా చదువుకి కొంత సమర్పించుకుంటున్నాడు. ఈ సంగతి చెప్పగానే మా పక్కింటాయన తన తీర్మానం పూర్తయిందని ప్రకటించి, రసీదు తెచ్చి చూపించేడు.

నా మటుక్కి నేను పుస్తకాల లెక్క పెట్టుకోలేదు. నాది స్టేషన్ల లెక్క. ఉద్యోగరీత్యా విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్ దాకా, సుమారు 70 కిలోమీటర్లు, పలాస వైపు పాసింజరులో పోయి వస్తుంటాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి. ఈ లైను మీద చదివితే కథ పొడుగెంతో పేజీల్లో కాదు, స్టేషన్లలో తెలుస్తుంది. చాసో కథ చాలావరకు ఒక్క స్టేషను కథ. నెల్లిమర్లలో మొదలెడితే గరివిడి వచ్చేసరికి అయిపోతుంది. తరవాత చీపురుపల్లి దాకా ఇంకేం చదవబుద్ధి కాదు, కిటికీలోంచి చూస్తూ కూచోవాలి. అంచేత నిజాయితీగా లెక్కేస్తే అది రెండు స్టేషన్ల కథ. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ చదివిన రోజున నా ఎదురు సీట్లో ఒక కుర్రాడు బడిసంచీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ కథలో పిల్లాడికి ఉన్న కోరికల్లా బడికెళ్ళి చదువుకోవడమే. డైరీ మొదటి పేజీలో రాసుకోవాల్సిన అవసరం వాడికి రాలేదు.

కారా మాస్టారి ‘యజ్ఞం’ సంగతి వేరు. 1964 నాటి ఆ పెద్దకథ విజయనగరంలో తెరిస్తే ఊరి పెద్దలు, అప్పు, తగువు, రచ్చబండ అన్నీ కలిసి దూసి దాటినా వదలవు. ఆఖరి పేజీల్లో ఉండగా ఆమదాలవలస వస్తుంది, మనం దిగం. దాన్ని రైల్లో చదవకూడదని ఒక బోర్డు పెట్టాలి.

ఆమదాలవలస అన్నాను కదా, స్టేషను బోర్డు మీద ఉండేది శ్రీకాకుళం రోడ్. శ్రీకాకుళం వచ్చేసిందని దిగిన కొత్తవాళ్ళకి ఆటో ఎక్కేకగానీ తెలీదు, ఊరు ఇంకా దూరాన ఉందని. మా బావ 52 కూడా అలాంటి స్టేషనే.

ఒక ఆదివారం బావ నన్ను శ్రీకాకుళం రమ్మన్నాడు. పెండింగు పూర్తిగా తీర్చేయడానికి చిన్నచిన్న కథల పుస్తకాలు గుత్తగా దొరికే చోటు ఒకటి ఉందని ఎవరో చెప్పేరట. తీసుకెళ్ళింది కథానిలయానికి.

మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో బళ్ళో పంతులుగా చేసి, రిటైరయ్యేక ‘యజ్ఞం’ రాసిన ఆ కారా మాస్టారే, అంటే కాళీపట్నం రామారావు, పెట్టిన లైబ్రరీ అది. 1997 ఫిబ్రవరి 22న తెరిచేరు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలని ఆయన కోరిక. ఎవరైనా కథలు రాసి పేరు తెచ్చుకుంటారు. ఈయన రాసినవి తక్కువే, వాటికే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, ఆ తరవాత తన పుస్తకాలూ, పురస్కారాల సొమ్మూ ఇతరులు రాసిన కథల కోసం పోసేడు. పాత పత్రికలు ఎవరింట్లో ఉన్నాయంటే అక్కడికి ఉత్తరం. ఇలా 2021లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయేదాకా. మనిషి పెట్టుకోదగ్గ చదువు లక్ష్యం ఇదీ అని నాకు అనిపించింది గానీ బావకి చెప్పలేదు. ఎందుకంటే ఆ సమయానికి బావ అల్మరాల ముందు నిలబడి లెక్క కడుతున్నాడు. ఒక వరస చూసేడు. రెండో వరస చూసేడు. పాత వారపత్రికల బైండ్లు చూసేడు. ఒక్కో బైండులో ఎన్ని సంచికలు, ఒక్కో సంచికలో ఎన్ని కథలు అని వేళ్ళు మడిచేడు. మడవడానికి వేళ్ళు చాల్లేదు. మొహం చూస్తే కలెక్టరు ఇనస్పెక్షనుకి వచ్చినట్టుంది.

“ఇదంతా పెండింగేరా,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఔను బావా.”

“మనిషన్నవాడు దీన్ని క్లియర్ చెయ్యలేడు.”

“ఔను బావా.”

“మరైతే 52 చేస్తే ఎంత, చెయ్యకపోతే ఎంత?” అని ఒక బైండు దించుకుని బల్ల దగ్గర కూచున్నాడు. ఏదో ఒక పేజీ తెరిచేడు. మధ్యాన్నం భోజనానికి రమ్మని మా అప్ప ఫోను చేస్తే ఎత్తింది నేను. ఆయన ఏ కథ చదివేడో తిరిగొచ్చేటప్పుడు అడిగేను. పేరు గుర్తులేదన్నాడు, రాసినాయన పేరూ గుర్తులేదన్నాడు. కథ మాత్రం బస్సు కాంప్లెక్సు దాకా పూసగుచ్చినట్టు చెప్పేడు. షీటులో అది ఎక్కలేదు. పేరు లేకుండా ఎక్సెల్లో ఎలా ఎక్కుతుంది?

ఆ తరవాత ఆయనకి విజయనగరం డెప్యుటేషను పడింది. ఇప్పుడు నేను అటు పోతుంటే ఆయన ఇటు వస్తాడు. నా స్టేషన్ల పద్ధతి విని కొత్త షీటు వేసేడు, పేజీల కాలమ్ తీసేసి స్టేషన్ల కాలమ్ పెట్టేడు. కాకపోతే ఆయనకి అన్నీ తిరగేసి వస్తాయి. నాకు నెల్లిమర్ల నుంచి గరివిడి పట్టే కథ ఆయనకి గరివిడి నుంచి నెల్లిమర్ల పట్టాలి. పట్టదు. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి పాసింజరుని ఆపేస్తారు, ఆయన మరో కథ కూడా లాగించేస్తాడు. దాని మీదే ఇప్పుడు మాకు తగువు. రైలు ఆగి ఉండగా చదివిన కథకి స్టేషను లేదు కాబట్టి లెక్కకి రాదని నేను. రైల్వేవాళ్ళు ఆపితే తన తప్పేటని బావ. మాస్టారిని అడుగుదామంటే ఆయన అసిరిగాడితో తీరిక లేకుండా ఉన్నారు. మొన్న పొందూరు దగ్గర రెండు పాసింజర్లూ పక్కపక్కన ఆగినప్పుడు బావ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళు చూపించేడు. రెండు కథలయ్యేయని కాబోలు. మా బండి కదిలేలోగా నేను మూడు చూపించేను.