సున్నం కొట్టినవాళ్లకే వంశం తెలిసేది

సమాధుల పండుగ ఇప్పుడు ఒక్క పూట పని అయిపోయింది. నవంబర్ 2 సాయంత్రం కారు దిగడం, గేటు దగ్గర బంతిపూల దండ, కొవ్వొత్తుల ప్యాకెట్టు కొనడం, అమ్మానాన్నల సమాధి మీద పెట్టడం, ఫాదరు గారు వచ్చి తీర్థజలం చల్లేదాకా ఫొటోలు తీసుకోవడం, చీకటి పడేలోగా గుంటూరు చేరిపోవడం. పక్క సమాధి ఎవరిదంటే తెలియదు. వాళ్ల నాన్నకు సొంత మేనత్తదే అయినా తెలియదు. ఇంటికెళ్లి మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని వంశవృక్షం వెతుకుతారు.

మా రోజుల్లో ఆ పండుగ వారం ముందే మొదలయ్యేది. వానలు వెనకబట్టేసరికి సమాధుల తోట నిండా సర్కారు కంప, మోకాలెత్తు గడ్డి. మగవాళ్లు కంప కొట్టేవాళ్లు. ఆడవాళ్లు మట్టి సమాధులకు పగుళ్లు పూడ్చి ఎర్రమట్టితో అలికేవాళ్లు. సున్నం కొట్టడం పిల్లల వంతు. మా నాయనమ్మ ముందు నడిచేది, సున్నం ముంతతో మేం వెనక. "ఇది మీ ముత్తాత ఇన్నయ్యది. పక్కది ఆయన మొదటి భార్యది, కాన్పులో పోయింది. ఆ చిన్న దిబ్బ ఆ బిడ్డది. మనం రెండో ఆవిడ సంతతి. అయినా ముందు ఆమెకే సున్నం వెయ్యండి" అనేది. ఇక్కడ లేనివాళ్లను కూడా లెక్క చెప్పేది. ఫలానా మేనత్త ఏ ఊరికి కోడలుగా వెళ్లిందో, ఏ ఊరి తోటలో పడుకుందో, ఆమె పిల్లల్లో ఎవరు మిగిలారో అన్నీ. ఎందుకంటే పల్లెటూరి సమాధుల తోట ఒక ఇంటి కథలో సగమే చెబుతుంది. ఆడపిల్లలందరూ అత్తగారి ఊళ్లలోనే ఉంటారు. ఇప్పుడు వెతికేవాళ్లు ఈ చిన్న సంగతి మరిచిపోయి, ఒక్క తోట తిరిగి "మా వంశంలో అందరూ మగపిల్లలే" అని రాసుకుంటున్నారు.

ఇక గ్రానైటు గురించి చెప్పకుండా ఉండలేను. చీమకుర్తి నల్లరాయి మంచిదే, వందేళ్లు నిలుస్తుంది. కానీ దాని కింద ఏం పోయిందో చూడండి. పైదేశంలో ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు. పని పట్టిన మేస్త్రీ మూడు పాత సమాధులు చదును చేసి ఒకటే దిమ్మె కడతాడు. నున్నటి రాతి మీద ఇద్దరి బొమ్మలు, ఇద్దరి పేర్లు. కింద ఉన్న మిగతా వాళ్ల పేర్లు ఎక్కడ? మా ఇంటి సమాధుల్లో ఒకదానికి పల్నాటి నాపరాయి పలక ఉండేది. తల దగ్గర సిలువ, కింద నాలుగు వరుసల అక్షరాలు. దిమ్మె కట్టేటప్పుడు దాన్ని ఊడబెరికి గోడ వార పడేశారు. మరుసటి ఏడాదికి అది బోరింగు దగ్గర బట్టలు ఉతికే బండ అయింది. నేను చూసేసరికి రెండు వరుసలు అరిగిపోయాయి. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పాత రాయి చదవడానికి ఓపిక కావాలి. ఈ కాలంవాళ్లు ఇనుప బ్రష్షు పెట్టి రుద్దుతారు, యాసిడ్ పోస్తారు. నాపరాయి పొరలు పొరలుగా లేచి అక్షరాలతో సహా రాలిపోతుంది. పెద్దవాళ్లు అలా చేసేవాళ్లు కాదు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పొద్దు వాలేదాకా ఆగేవాళ్లు. ఎండ పక్కవాటుగా పడితే గాట్లలో నీడ చేరి, మిట్టమధ్యాహ్నం కనపడని పేరు అప్పుడు కనపడుతుంది. పాత పలకల మీద సంవత్సరాలు తెలుగు అంకెల్లోనే ఉంటాయి. అరిగిన రాతి మీద ౩, ౬ ఒక్కలాగే ఉంటాయి, ముప్పై ఏళ్ల తేడా వచ్చేస్తుంది. ఇప్పటి పిల్లలకు అసలు ఆ అంకెలే రావు.

రాయి ఒక్కటే చాలదు కూడా. మా వాళ్లలో మనవడికి తాత పేరు పెడతారు. చిన్నప్ప కొడుకు రాయప్ప, రాయప్ప కొడుకు మళ్లీ చిన్నప్ప. అన్నదమ్ములు నలుగురైతే నాలుగు ఇళ్లలోనూ ఒక్కో చిన్నప్ప. ఇంటిపేరు ఒకటే, ఎవరి పేరు పెట్టుకున్నారో ఆ పునీతుడూ ఒకడే. అందుకే రాయి దగ్గర్నుంచి పుస్తకం దగ్గరికి పోవాలి.

గుడిలో ఉండే ఆ పుస్తకాల వెనక చాలా పెద్ద ఏర్పాటు ఉంది. 1563లో ట్రెంట్ మహాసభ పెళ్లిళ్ల పుస్తకం పెట్టి తీరాలంది. 1614లో రోము నుంచి వచ్చిన పూజావిధుల గ్రంథం, మరణాలతో సహా విచారణలో, అంటే ఒక ఫాదరు గారి కింద ఉండే ఊళ్ల పరిధిలో, ఏయే పుస్తకాలు ఉండాలో, ఎలా రాయాలో చెప్పింది. ప్రభుత్వం జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకటే చట్టం తెచ్చింది 1969లో. మా తాతల చావు పుట్టుకలు అంతకు ఎన్నో తరాల ముందే గురువుల చేతిరాతలో ఎక్కాయి. జ్ఞానస్నానం పుస్తకంలో పేరు పక్కన అంచు వదిలేస్తారు. ఆ మనిషికి ఏ ఊళ్లో, ఎవరితో పెళ్లయిందో ఆ గుడి నుంచి కబురు వచ్చాక ఆ అంచులో ఎక్కిస్తారు. సమాధి మీది పేరు తీసుకుని మరణాల పుస్తకం చూస్తే వయసు దొరుకుతుంది. వయసు వెనక్కి లెక్కేస్తే జ్ఞానస్నానం దొరుకుతుంది. అక్కడ తల్లిదండ్రులు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. అంచులో పెళ్లి. పెళ్లి పట్టుకుని ఇంకో ఊరి పుస్తకం. జపాలు నేర్పే మా ఊరి ఉపదేశి గారికి ఈ దారి కంఠతా ఉండేది. ఎవరు వచ్చినా బెంచీ మీద కూర్చోబెట్టి, "మీ ఇంటివాళ్లు ఫలానా ఊరి విచారణలో ఉండేవారు, మన గుడి అప్పటికి లేదు, అక్కడికెళ్లండి" అని దారి చూపేవారు. ఇప్పుడు ఉపదేశులు ఎక్కడున్నారు?

ఆ దారి ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో బిషప్పు కింద ఉండే మేత్రాసనాల హద్దులు మారుతూ వచ్చాయి. గుంటూరు మేత్రాసనం ఏర్పడింది 1940లో. అంతకు ముందు నెల్లూరు, 1928కి ముందు మద్రాసు. మనుషులూ కదులుతూనే వచ్చారు. పుంగనూరులో 1701 ప్రాంతంలో జెస్యూట్ గురువుల చేతుల మీదుగా మొదలైన కథోలిక విశ్వాసం, వలస వచ్చిన కుటుంబాలతో రాయలసీమ నుంచి గుంటూరు సీమకు చేరింది. ఇక్కణ్నుంచి కొందరు మద్రాసు దగ్గరి కీలచేరికి పోయారు. ఫిరంగిపురంలో పుట్టిన జ్ఞానమ్మ గారు 1863లో ఆడపిల్లల బడి పెట్టింది అక్కడే. ఇన్ని ఊళ్ల మట్టిలో ఉన్న వంశాన్ని ఒక ఫోన్ యాప్‌లో వెతికితే దొరుకుతుందా?

మా తమ్ముడి మనవడు డల్లాస్‌లో ఉంటాడు. ఎవరో పంపిన పాత పుస్తకం పేజీ ఫొటో చూసి ఫోన్ చేశాడు. "పెదతాతయ్యా, ఈ ముత్తాత జూలైలో పోయాడని ఉంది. మరి అదే ఏడు ఆగస్టులో ఇంకో బిడ్డకు జ్ఞానతండ్రిగా ఎలా నిలబడ్డాడు?" అన్నాడు. పేజీ నాకూ పంపాడు. లాటిన్ రాత, తేదీ దగ్గర "7బ్రిస్" అని ఉంది. "అది జూలై కాదురా అబ్బాయ్, సెప్టెంబరు. పాత రోము లెక్కలో అది ఏడో నెల. 8బ్రిస్ అంటే అక్టోబరు, 9బ్రిస్ అంటే నవంబరు" అని చెప్పాను. వాడు అప్పటికే తన చెట్టులో జూలై అని ఎక్కించేశాడు. దాన్ని చూసి ఇంకో ముగ్గురు ఎక్కించుకున్నారు. మా రోజుల్లో తప్పు చెబితే పక్కనున్న ముసలమ్మ అక్కడికక్కడే దిద్దేది.

పుస్తకం అడిగితే ఇవ్వరని కుర్రవాళ్ల ఫిర్యాదు. కొంత నిజమే. 2008లో వాటికన్ నుంచి మేత్రాణులకు, అంటే బిషప్పులకు, ఉత్తరం వచ్చింది, అమెరికాలోని యూటా వంశావళి సంఘానికి విచారణ పుస్తకాలు ఫిల్ము తీయడానికి ఇవ్వొద్దని. దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. కానీ బయటివాళ్లకు ఇవ్వకపోవడం వేరు, మన దగ్గరే బీరువాలో పెట్టి తాళం వేసి వెండిపురుగులకు వదిలేయడం వేరు. నాకు తెలిసిన ఒక విచారణలో మరణాల పుస్తకం మొదటి కట్ట తెరిస్తే పేజీలు పొడి పొడిగా రాలాయి. ఎవరూ బాధపడలేదు. అదే వారం గుడికి కొత్త రంగులు వేశారు.

తెల్లవాళ్ల సమాధులకు మాత్రం ఈ గతి పట్టలేదు. 1905లోనే జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు రాజధానిలోని సమాధుల శాసనాలు జిల్లాల వారీగా ఏరి పుస్తకం వేశాడు. అందులో ఎక్కువ యూరోపియన్లవే. ఆ తర్వాత 1976లో దక్షిణాసియాలోని యూరోపియన్ల సమాధుల కోసం లండన్‌లో ఒక సంఘమే పెట్టుకున్నారు. మన పల్లెల్లో మట్టి అయినవాళ్లకు ఎవరు రాశారు?

ఈ ప్రశ్న మా రోజులను కూడా వదలదు. తోటలో రాళ్లున్నవి ఒక వైపే. రెండో వైపు దళిత క్రైస్తవులను పాతిపెట్టేవారు, చాలా ఊళ్లలో వాళ్లకు వేరే చోటే ఉండేది. అదే పూజ, అదే తీర్థజలం, చచ్చాక కూడా హద్దు. అది పాపం, అప్పుడూ పాపమే. కథోలిక సభలో కులవివక్ష ఉందని భారత మేత్రాణుల సమాఖ్యే 2016లో రాతపూర్వకంగా ఒప్పుకుంది. వాళ్ల సమాధులకు రాయి లేదు, కొయ్య సిలువ నాలుగు వానలకు పోయేది. కానీ మరణాల పుస్తకంలో వాళ్ల పేర్లు మావాళ్ల పేర్లతో ఒకే వరుసలో ఉన్నాయి. 1918 ఇన్‌ఫ్లూయెంజా ఏడాది పేజీలు చూస్తే, ఒకే రోజు మీద పేరు కింద పేరు. వాళ్లలో చాలామందికి ఆ ఒక్క గీత తప్ప ఈ భూమ్మీద ఇంకే గుర్తూ లేదు. 1832-33 నందన కరువులో గుంటూరు సీమలో పోయినవాళ్లలో చాలామందికి అదీ లేదు.

అందుకే ఈసారి విచారణ సంఘంలో గట్టిగా అడగబోతున్నాను. కొత్త దిమ్మె ఎవరు కట్టినా పాత పలకను తల దగ్గరే నిలబెట్టాలి. కింద ఎవరెవరు ఉన్నారో అందరి పేర్లూ చెక్కించాలి. మరణాల పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీయించి ఒక ప్రతి మేత్రాసన కార్యాలయంలో పెట్టాలి. రాళ్లు లేని వైపు వాళ్ల పేర్లు పుస్తకంలోంచి ఎత్తి రాసి, తోట గోడ మీద నల్లరాతిలో చెక్కించాలి. తల్లిదండ్రులకు లక్షలు పెట్టి దిమ్మెలు కట్టేవాళ్లు ఆ గోడకు కూడా ఇవ్వాలి. లాటిన్ చదివిపెట్టడానికి నేనున్నాను, ఇంకా చూపు ఆనుతోంది. పుస్తకం తాళం తీయమనండి చాలు.