పంపోపతి

వైద్య విధానాలు ఎన్ని అని అడిగితే పిల్లలు అల్లోపతి, హోమియోపతి, ఆయుర్వేదం, యునాని అని నాలుగు వేళ్లు మడుస్తారు. ఐదో వేలు మడవాలంటే రాయచూరు జిల్లాకు రావాలి. ఇక్కడ పంపోపతి బాగా వాడుకలో ఉంది. దాని సిద్ధాంతం చాలా సులువు: జబ్బును తగ్గించనక్కర్లేదు, రోగిని పంపించేస్తే చాలు. పల్లె ఆసుపత్రి తాలూకాకు పంపుతుంది, తాలూకా జిల్లాకు పంపుతుంది, జిల్లా హైదరాబాదుకో బెంగళూరుకో పంపుతుంది. వాడే మందు ఒక్కటే, చీటీ. స్టాకు అయిపోయిందన్న మాట ఎప్పుడూ వినపడని మందు కూడా అదొక్కటే.

ఈ వైద్యం ఇదే జిల్లాలోని కల్లూరు జనానికి కొంచెం చిన్నతనంగానే ఉండాలి. అక్కడి మహాలక్ష్మి గుడిని రెండో కొల్హాపూర్ అంటారు. ఏటా కొల్హాపూర్ వెళ్లి మొక్కుకునే భక్తుడొకాయన ముసలితనంతో కదల్లేకపోతే, అమ్మవారే ఆయన్ని వెతుక్కుంటూ కల్లూరు వచ్చి వెలిసిందని స్థలపురాణం. రాలేనివాడి దగ్గరికి మనమే వెళ్లాలన్న ఇంగితం అమ్మవారికి అప్పుడే తోచింది, ఆరోగ్య శాఖకు ఇంకా తోచాల్సి ఉంది. చట్టం లేక కాదు. డాక్టరు చదువు ముగించినవాళ్లు ఏడాదిపాటు పల్లె సేవ చేయాలని కర్ణాటక 2012లోనే చట్టం చేసింది. ఎగ్గొడితే జరిమానా 15 లక్షల నుంచి 30 లక్షల దాకా అంది. కోటి పోసి పీజీ సీటు కొన్న ఇంట్లో ఆ 15 లక్షలు పెద్ద లెక్కేం కాదు, పల్లె దోమల నుంచి విముక్తికి కట్టే రుసుము.

పంపోపతి పనితనం చూడాలంటే నాట్ల కాలంలో చూడాలి. తుంగభద్ర ఎడమ కాలువ కింద మడిలో దిగిన రైతును రక్తపింజర కరిచిందనుకోండి. తమ్ముడు అన్నను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని, చంపిన పామును యూరియా సంచిలో మూటగట్టుకుని ఆసుపత్రికి చేరతాడు.

"అక్కా, మా అన్నను పాము కరిచింది. సూది వేయండక్కా."

సిస్టర్ సంచి వైపు చూసి రెండడుగులు వెనక్కి వేస్తుంది. "డాక్టరు మీటింగుకు పోయినారన్నా. చీటీ రాసిస్తా, పెద్దాసుపత్రికి పోండి."

"మందు లేదా అక్కా?"

"ఎందుకు లేదు? ఫ్రిజ్జులో ఉంది."

"మరి వేయొచ్చు కదక్కా?"

"వేసినాక రియాక్షన్ వస్తే ఎవరు చూసేది?"

తమ్ముడు సంచి ఎత్తి చూపిస్తాడు. "దీన్నేం చేయమంటారు?"

"అక్కడ అడుగుతారేమో, దాన్ని కూడా తీసుకుపోండి."

అలా పాము కూడా రెఫర్ అయింది.

సిస్టర్ మాట తీసెయ్యడానికి లేదు. పాము విషానికి విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తీస్తారు. అది కొందరికి పడదు. ఉన్నట్టుండి బీపీ పడిపోతుంది, ఊపిరి ఆడదు. అప్పుడు అడ్రినలిన్ చేతిలో పట్టుకుని పక్కన ఒక డాక్టరు ఉండాలి. మొదటి విడతకే పది వయల్స్ దాకా కావాలి. సర్కారు ఫ్రిజ్జు ఇచ్చింది, వయల్స్ ఇచ్చింది, పక్కన ఉండాల్సిన మనిషిని మాత్రం మీటింగుకు పిలిచింది. 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దేశంలో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందుకే 2024లో కర్ణాటక పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. మంచి పనే. ఇకమీదట వైద్యం తప్పినా లెక్క తప్పదు.

పంపోపతి ఇంతగా ఎందుకు పాతుకుపోయిందో డాక్టర్లెవరూ బయటికి చెప్పరు గానీ అందరికీ తెలుసు. రోగి ఆసుపత్రిలో పోతే అద్దాలు పగులుతాయి, సెల్‌ఫోన్లు లేస్తాయి, విచారణ పడుతుంది. అదే రోగి దారిలో పోతే ఏ ఆసుపత్రి ఖాతాలోనూ పడడు. రోడ్డుకు సూపరింటెండెంట్ లేడు, అంబులెన్సు మీద ఆడిట్ లేదు. చీటీలో "మెరుగైన వైద్యం కోసం" అని రాస్తారు. ఎవరి మెరుగు కోసమో రాయరు.

ఇక సర్కారు కార్డు సంగతి. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద పేద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉచితం. అత్యవసరాలు తప్పిస్తే, ప్రైవేటు ఆసుపత్రిలో పెద్ద చికిత్సకు ముందు సర్కారు ఆసుపత్రి నుంచి చీటీ తేవాలి. అంటే ఇక్కడ వైద్యం లేదని ఇక్కడివాళ్లే రాసి సంతకం పెట్టి ముద్ర వేయాలి. మన పాలనలో ఇంత నిజాయితీగా నిజం ఒప్పుకునే కాగితం మరొకటి కనపడదు.

జిల్లా కేంద్రంలో ఏమీ లేదనుకోకండి. రిమ్స్ వైద్య కళాశాల ఉంది. ఒపెక్ ఆసుపత్రి ఉంది. చమురు దేశాల నిధి సాయంతో కట్టారు కాబట్టి జనం నోట ఆ పేరే నిలిచింది. అక్కడికీ, అక్కడి నుంచి పైకీ రోగులను మోయడానికి మనం కాల్చిన పెట్రోలుతో ఆ బాకీ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. పైకి అంటే చాలామందికి హైదరాబాదే, బెంగళూరుకు అంతకు రెండింతల దూరం మరి. 1956లో రాయచూరు హైదరాబాదు రాష్ట్రపు పటం నుంచి మైసూరు పటంలోకి మారింది గానీ రోగి పాత పటమే పట్టుకుని తిరుగుతున్నాడు.

ఈ తిప్పట తప్పాలంటే ఎయిమ్స్ ఇవ్వండని 2022 మేలో రాయచూరులో ధర్నాకు కూర్చున్నారు. వెయ్యి రోజులు దాటింది. వెనకటికి ఐఐటీ అడిగితే అది ధార్వాడకు పోయి, ఇక్కడికి ఒక ఐ ఎక్కువేసి ఐఐఐటీ వచ్చింది. ఈసారి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఎయిమ్స్ రాయచూరుకే ఇవ్వాలని కేంద్రానికి లేఖ రాశారు. గమనించారా? మన కోరికకు కూడా చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ ఎమర్జెన్సీ వార్డులో పెట్టారో, ఓపీ క్యూలో నిలబెట్టారో కబురు లేదు.

ఎయిమ్స్ వచ్చినా కల్లూరుకు అది ఇంకో పెద్దాసుపత్రే, చీటీ మీద రాయడానికి ఇంకో పేరు. ఊరు అడిగేది అంత పెద్దది కాదు. రాత్రి పూట ఊళ్లో ఉండే డాక్టరు ఒకరు, ఫ్రిజ్జుకు కరెంటు, రియాక్షన్ వస్తే తప్పంతా ఆయన నెత్తిన రుద్దబోమని సర్కారు ఇచ్చే భరోసా. ఈ మూడింటికీ శంకుస్థాపన చేయడానికి, రిబ్బను కత్తిరించడానికి వీల్లేదు. అదే చిక్కు.

అందుకని నాదో సలహా. వైద్యం ఎలాగూ రోడ్డు మీదే జరుగుతోంది కాబట్టి ఆరోగ్య శాఖను కల్యాణ కర్ణాటక రోడ్డు రవాణా సంస్థలో కలిపేయండి. శక్తి పథకం కింద 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు సర్కారు బస్సు ఉచితమే కాబట్టి సగం జనాభాకు ఉచిత వైద్యం అమలైనట్టే లెక్క. కండక్టరుకు ఒక స్టెతస్కోపు ఇప్పిస్తే మిగతాది ఆయన చూసుకుంటాడు. ఈ విలీనం జరిగేలోపు కల్లూరులో జబ్బు పడదలచినవారు ముందు బస్సు టైములు కనుక్కుని ఆ తర్వాతే పడాలని మనవి.